ఎంటర్ నొక్కే ముందు

మార్చి 3, సోమవారం

ఈ రోజు ఒక బగ్ రిపోర్టు మూసేశాను. మామూలుగా అయితే డైరీలో రాసుకునేంత విషయం కాదు. పంపింది మామయ్య, నా మేనమామ, కాబట్టి రాస్తున్నాను.

ఒకసారి నొక్కితే కీ రెండుసార్లు పడుతోందట. అప్ యారో కొడితే ఒక లైను బదులు రెండు లైన్లు వెనక్కి పోతోందట. లైబ్రరీ తాజా వెర్షన్‌లో ఎవరో ఏదో చెడగొట్టినట్టున్నారు, దయచేసి చూడగలరు అని రాశాడు. ఎవరో అంటే నేనే. ఆ లైబ్రరీ, అంటే వేరే ప్రోగ్రాములు వాడుకునే కోడ్, రాసింది ఆయన, కొన్నేళ్లుగా చూసుకుంటున్నది నేను. ఇంట్లో ఒసేయ్ అని పిలిచే మనిషి అక్కడికొచ్చేసరికి దయచేసి అంటాడు.

టెస్ట్ చేశాను. ఏమీ లేదు. కీబోర్డు సమస్య, లైబ్రరీది కాదు అని రాసి మూసేశాను.

ఆ లైబ్రరీ అసలేం చేస్తుందని మా ఆయన ఇప్పటికీ అడుగుతుంటాడు. నల్లటి స్క్రీన్ మీద కమాండ్లు టైప్ చేసేవాళ్ల వేళ్లకీ, ఆ కమాండ్ అందుకునే ప్రోగ్రామ్‌కీ మధ్య కూర్చుంటుంది. తప్పు అక్షరం పడితే వెనక్కెళ్లి దిద్దుకోనిస్తుంది. అప్ యారో నొక్కితే ఇంతకు ముందు ఏం టైప్ చేశామో ఒక్కో లైనే తెచ్చి చూపిస్తుంది, మళ్లీ మొదటి నుంచి కొట్టక్కర్లేకుండా. సవ్యంగా పని చేసినంత కాలం అదొకటి ఉందని ఎవరికీ తెలియదు. చెడిపోయిన రోజు మాత్రం ఎక్కడెక్కడి వాళ్లో లేచి నన్ను తిడతారు. అయితే ఇంటి కోడలి ఉద్యోగమన్నమాట అన్నాడు ఆయన. ఆ మాత్రం తెలిసినందుకు సంతోషించాను.

మార్చి 5, బుధవారం

అత్తయ్య ఫోన్ చేసింది. మామయ్య స్నానానికి వెళ్లిన సమయం చూసుకుని, గొంతు తగ్గించి. కీబోర్డుకి ఏ రోగమూ లేదమ్మా, ఇది మూడోది, మార్చి మార్చి నాకే విసుగొచ్చింది అంది. వణుకుతున్నది ఆయన చెయ్యట. చాలా రోజులుగా ఉందట. బలవంతాన డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే పార్కిన్సన్స్ అన్నారట. మందులు మింగుతున్నాడు. ఎవరికీ చెప్పనని అత్తయ్య చేత ఒట్టు వేయించుకున్నాడు. మరి నాకెందుకు చెప్తున్నావంటే, నువ్వు ఎవరివో అయితే కదా అంది.

మామయ్యది నీటి సరఫరా ఆఫీసు. ఊరి పెద్ద వాల్వులన్నీ కంట్రోల్ రూమ్ కన్సోల్ నుంచి తెరుస్తారు, మూస్తారు. పాత సిస్టమ్. బొమ్మలూ బటన్లూ ఉండవు, ప్రతిదీ టైప్ చేయాల్సిందే. లైబ్రరీని ఆయన మొదట రాసుకున్నది దాని కోసమే. తర్వాత అందరికీ ఊరికే ఇచ్చేశాడు. ఇప్పుడు సాయంత్రం డ్యూటీ ఆయనదే. ఇంటి నుంచే, భోజనాల బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని చేస్తాడు. చెయ్యి సంగతి బయటపడితే ఇక కన్సోల్ ఛాయలకి కూడా రానివ్వరు. అది లేకపోతే ఈయన ఏమైపోతాడో నాకు తోచడం లేదమ్మా అంది అత్తయ్య. అంతలోనే గొంతు పెంచి, సరే, కర్టెన్ల సంగతి రేపు చూద్దాం అని పెట్టేసింది.

రిపోర్టు మూసేసినందుకు ఎక్కడో గుచ్చుకుంటోంది. కానీ నేను రాసింది నిజమే.

మార్చి 8, శనివారం

వెళ్లాను. మూడో అంతస్తు, లిఫ్టు లేదు. భోజనాల బల్లని కిటికీ పక్కకి జరిపారు. లాప్‌టాప్ కింద మడతపెట్టిన తువ్వాలు, పక్కన గడులున్న మందుల డబ్బా. నన్ను చూడగానే డబ్బాని పేపరు కింద దాచాడు.

నీ బగ్ ఎంతవరకొచ్చింది అన్నాడు. నా బగ్ కాదు, చెయ్యి చూపించు అన్నాను. టీ తాగుతావా అన్నాడు. చెయ్యి చూపించు మామయ్యా అన్నాను. అత్తయ్య వైపు చూశాడు. అత్తయ్య వంటింట్లోకి చల్లగా జారుకుంది.

కుడిచెయ్యి బల్ల కింద, తొడ మీద ఉంది. వైబ్రేషన్‌లో పెట్టిన ఫోనులా అదురుతోంది. చూశాను. ఆయన నేను చూడటం చూశాడు. తర్వాత ఆయనే, రెండోసారి కీ పడేది ఎంత గ్యాప్‌లో పడుతోందో కొలిచావా అని అడిగాడు. లేదన్నాను. కొలవకుండానే మూసేశావా, నిన్ను నమ్మి లైబ్రరీ ఇచ్చాను చూడు అన్నాడు.

కొలిచాం. వణుకు వల్ల పడే రెండోది ఎంత వేగంగా పడుతుందంటే, మనిషి కావాలని నొక్కినా అంత తొందరగా నొక్కలేడు. అంటే ఆ రెండోదాన్ని వదిలేయమని లైబ్రరీకే చెప్పొచ్చు. అందరికీ పెట్టకు, కావలసినవాళ్లు ఆన్ చేసుకునేలా పెట్టు అన్నాడు. ఎంత గ్యాప్, ఏయే కీలకి, అప్ యారో లాంటి బాణం కీలకి వేరుగానా, ఒకటేనా అని వాదించుకున్నాం. ఆ గంటసేపూ ఆయనకి జబ్బుందన్న సంగతి మా ఇద్దరికీ గుర్తు లేదు.

నాకు వచ్చేలా చిన్న లాగ్, ఒక చిట్టా లాంటిది, కూడా పెడతానన్నాను. ఏ కీ నొక్కాడో అందులో ఉండదు. రెండు కీల మధ్య గ్యాప్ ఎంతో, అదే కీ మళ్లీ పడిందో లేదో, అంతే వస్తుంది. ఒప్పుకున్నాడు.

మార్చి 10, సోమవారం

ఆ మార్పు రాసి ప్యాచ్‌గా పెట్టాను. గుడ్లగూబ అడ్డం తిరిగాడు.

గుడ్లగూబ అని పేరు పెట్టింది నేనే. ఫోటో ఉండాల్సిన చోట గుడ్లగూబ బొమ్మ పెట్టుకుంటాడు. ఎక్కడుంటాడో తెలియదు, గొంతు ఎలా ఉంటుందో తెలియదు. నేను రాసిన ప్రతి మార్పునూ చదివి తప్పులు పడతాడు. అతను సరే అంటే తప్ప నా ప్యాచ్ లోపలికి పోదు. ఎవరి పని వాళ్లే పాస్ చేసుకోకూడదన్నది మామయ్య పెట్టిన రూలు.

ఇది లైబ్రరీ, ఆసుపత్రి కాదు అని రాశాడు. ఎవరో ఒక్కరి వేళ్ల కోసం అందరి నెత్తిన ఈ బరువెందుకు, ఇది కీబోర్డు వైపు చూసుకోవాల్సిన పని అన్నాడు. ఆ ఒక్కరూ ఎవరో చెప్పే వీల్లేదు నాకు. అతను వాడుతున్న అప్ యారో కూడా ఆ వేళ్లే రాశాయని చెప్పాలనిపించింది. చెప్పలేదు.

మార్చి 12, బుధవారం

గుడ్లగూబ ఇంకా ఒప్పుకోలేదు.

మార్చి 14, శుక్రవారం

టెస్టులు రాయమన్నాడు, రాశాను. డాక్యుమెంటేషన్ సరిగా లేదన్నాడు, దిద్దాను. ఆప్షన్ పేరు నచ్చలేదన్నాడు, మార్చాను. అతని చోట నేనుంటే ఇవే అడుగుతాను. అందుకే ఇంకా ఒళ్లు మండుతోంది.

మార్చి 16, ఆదివారం

నిన్న సాయంత్రం జరగకూడనిది జరిగింది.

కొత్త కాలనీ వాల్వు సరిగ్గా తెరుచుకోలేదు, అదే కమాండ్ మళ్లీ ఇవ్వాలి. అప్ యారో ఒక్కసారి కొడితే చాలు. వేలు రెండుసార్లు పడింది. దానికి పై లైను, కంటి ఆసుపత్రి వీధి మెయిన్ వాల్వు మూసే కమాండ్. డ్యూటీ ఎక్కగానే రిపేరు కోసం మామయ్యే మూశాడు, పని అయ్యాక అక్కడి మనుషులు చేత్తో తెరిచారు. ఆ లైను పైకి వచ్చింది. ఎంటర్ కూడా అదే ఊపులో పడిపోయింది.

చూడకుండా అప్ యారో, ఎంటర్ కొట్టడం ఈ పని చేసే మా వాళ్లందరికీ ఉన్న రోగమే. స్క్రీన్ మీద ఏమొచ్చిందో కన్ను చదివేలోపు వేలు కానిచ్చేస్తుంది. నేనూ రోజూ చేస్తాను. నా వేలు వణకదు కాబట్టి గట్టెక్కుతున్నాను.

ఆసుపత్రిలో నీళ్లు ఆగిపోయాయి. ఆపరేషన్ కోసం కూర్చున్నవాళ్లని వెనక్కి పంపారు. ఫోన్ మోగే దాకా మామయ్యకి తెలియలేదు. ఎవరికీ ఏమీ కాలేదు అని అత్తయ్య ఫోన్లో పదే పదే అంది. ఎవరో ఒకరికి ఏమైనా అయ్యుంటే అన్న మాట మాత్రం ఇద్దరం అనలేదు.

నా ప్యాచ్ ఆ సమయానికి తయారుగా ఉంది. ఆప్షన్ పేరు దగ్గర ఆగి ఉంది.

మార్చి 17, సోమవారం

గుడ్లగూబకి రాశాను. నాకు బాగా తెలిసిన మనిషి, చేతికి వణుకు, వేలి కింద ఊరి వాల్వులు. అంతకు మించి రాయలేదు. వెంటనే ఓకే చేశాడు. ఈ ముక్క ముందే చెప్పొచ్చుగా అన్నాడు. నిజమే, చెప్పొచ్చు.

డ్యూటీ వేళకి ముందే వెళ్లి మామయ్య లాప్‌టాప్‌లో పెట్టి, ఆన్ చేసి వచ్చాను. అత్తయ్య టీ ఇచ్చింది.

మార్చి 19, బుధవారం

పని చేస్తోంది.

మార్చి 21, శుక్రవారం

లాగ్ చూసినకొద్దీ చూడాలనిపిస్తోంది. ఒక్క డబుల్ కూడా లేదు. మా ఆయనకి చూపించాను. అంకెలే కదా అన్నాడు. ఇవి అంకెలు కావు, మా మామయ్య ఉద్యోగం అన్నాను. గుడ్లగూబ కూడా ఆ మనిషికి ఎలా ఉందని అడిగాడు. బ్రహ్మాండంగా ఉందని రాశాను. నా భుజం నేనే తట్టుకున్నాను, ఒప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

మార్చి 22, శనివారం

లాగ్ రాసేది ఫిల్టర్‌కి, అంటే రెండోసారి పడ్డదాన్ని వదిలేసే ముక్కకి, ముందు. ఆ సంగతి నాకు పొద్దున పళ్లు తోముకుంటుంటే వెలిగింది.

అంటే వణుకు అందులో కనిపించి తీరాలి. ఫిల్టర్ దాన్ని తర్వాత కదా తీసేసేది. వణుకే లేదు. కీకీ కీకీ మధ్య పెద్ద పెద్ద గ్యాప్‌లు, అన్నీ ఇంచుమించు ఒకటే. కీబోర్డు మీద అక్షరాన్ని వెతుక్కుని, ఒక్క వేలితో నొక్కే మనిషి. ఇది మామయ్య చెయ్యి కాదు.

చెప్పకుండా వెళ్లాను, డ్యూటీ వేళకి. తలుపు దగ్గరికి వేసి ఉంది, గడియ పెట్టలేదు.

లాప్‌టాప్ ముందు అత్తయ్య. కళ్లజోడు ముక్కు చివరికి జారి ఉంది. వెనక కుర్చీలో మామయ్య, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని. అత్తయ్యకి కమాండ్లు రావు. ఆవిడకి వచ్చింది ఒక్కటే, అప్ యారో. ఒక్కో లైనూ పైకి తెస్తుంది, చిన్నపిల్లలు పాఠం అప్పజెప్పినట్టు బయటికి చదువుతుంది. అది కాదు, ఇంకా పైకి అంటాడు మామయ్య. కావలసిన లైను వచ్చాక మళ్లీ మొదటి నుంచి చివరి దాకా చదువుతుంది. ఆయన ఊఁ అంటాడు. అప్పుడు ఎంటర్ నొక్కుతుంది. ఎప్పుడూ ఇవ్వని కమాండ్ అవసరమైతే ఆయన అక్షరం అక్షరం చెప్తాడు, ఈవిడ కొడుతుంది, మళ్లీ చదువుతుంది.

మధ్యలో పోట్లాట మామూలే. అంత నెమ్మదిగా చదివితే ఊరు ఎండిపోతుందే అంటాడు. ఎండిపోతే ఎండనివ్వండి, ముంచడం కంటే నయం అంటుంది. వాల్వుల నంబర్లు కూడా ఆవిడ లెక్కలో ఆవిడకి తెలుసు. నలభై ఏడు అంటే మీ పిన్ని వాళ్ల వీధి కదండీ, మళ్లీ మూసేస్తారా, మొన్నేగా మూశారు అని అడుగుతోంది.

నన్ను చూసి ఇద్దరూ అడ్డంగా దొరికిపోయిన పిల్లల్లా కూర్చున్నారు. ఆసుపత్రి సంగతి జరిగిన మర్నాటి నుంచీ ఇదే ఏర్పాటట. నా ప్యాచ్‌కి ఇంతవరకు ఒక్క వణుకు కూడా తగల్లేదు.

ఇది తప్పని చెప్పాను. పాస్‌వర్డ్ ఆయనది, కన్సోల్ ఆయన పేరు మీద ఉంది. ఇంకొకరు తాకకూడదు. ఆవిడ నొక్కడం మొదలుపెట్టాక ఒక్క తప్పైనా జరిగిందా అంది అత్తయ్య, తన గురించే ఆవిడ అని. జరగలేదు. అది నాకూ తెలుసు. నా అంతట నేను ఎవరికీ చెప్పను, ఎవరైనా అడిగితే మాత్రం అబద్ధం చెప్పను అన్నాను. నిన్ను అబద్ధం చెప్పమన్నదెవరు అన్నాడు మామయ్య. అత్తయ్య ముఖం గంటు పెట్టుకుంది.

మార్చి 25, మంగళవారం

అడిగారు.

నీటి ఆఫీసు ఇంజనీరు ఈమెయిల్ పంపాడు. మామయ్య పైఅధికారి, వయసులో చిన్నవాడు. కన్సోల్ పని మామయ్య దగ్గరే నేర్చుకున్నాడట. ఆసుపత్రి వీధి వాల్వు మీద ఎంక్వైరీ పెట్టారు, వచ్చే మంగళవారం. ఆపరేటర్ అప్ యారో ఒకసారి నొక్కినా లైబ్రరీ తనంతట తాను రెండుగా లెక్కపెట్టే అవకాశం ఉందా, దాన్ని చూసుకునే వ్యక్తిగా మీరు చెప్పాలి అని అడిగాడు. నేను మూసేసిన రిపోర్టు కూడా చూశాడు. అవకాశం ఉందని తేలితే సాఫ్ట్‌వేర్ లోపం కింద ఫైలు మూసేస్తాం, ఆయన గురించి అందరికీ గౌరవమే అని రాశాడు.

ఉంది అనే మాట కావాలని ప్రతి లైనులోనూ ఉంది. ఆ మాట అంటే మామయ్య కుర్చీ మామయ్యకే ఉంటుంది. లైబ్రరీకి మచ్చ పడుతుంది. ఎక్కడెక్కడో దాన్ని వాడే ప్రోగ్రాములు చాలా ఉన్నాయి, ఒక్కసారి నమ్మకం పోతే మళ్లీ రాదు. లేదు అంటే లైబ్రరీ బతుకుతుంది.

మార్చి 26, బుధవారం

ఆఫీసుకి సెలవు పెట్టి రోజంతా మా కోడ్ చదివాను. జీవితంలో మొదటిసారి, నా కోడ్‌లో బగ్ దొరకాలని కోరుకున్నాను.

మార్చి 28, శుక్రవారం

దొరికింది. దొరికిందనే అనుకుంటున్నాను.

బాణం కీ నొక్కితే కంప్యూటర్‌కి వెళ్లేది ఒక్క ముక్క కాదు, మూడు ముక్కలు. లైబ్రరీ ఆ మూడింటినీ కలిపి ఒక బాణం అనుకుంటుంది. లింకు, అంటే నెట్ కనెక్షన్, బాగా నెమ్మదైతే ముక్కలు విడివిడిగా వస్తాయి. అలా వచ్చినప్పుడు ఒకే బాణాన్ని రెండుసార్లు లెక్కపెట్టేలా ఒక చోట కనబడుతోంది. చేసి చూద్దామంటే కుదరలేదు, నా లింకు వేగంగా ఉంది. మామయ్య ఇంటి లింకు నెమ్మదే.

అవకాశం ఉంది అని రాస్తే అది అబద్ధం కాదు. ఉత్తరం రాసి పెట్టుకున్నాను. అత్తయ్యకి ఫోన్ చేసి చెప్పాను. ఆవిడ ఏడ్చింది. నాకూ కొండంత బరువు దిగినట్టుంది.

మార్చి 30, ఆదివారం

పంపే ముందు మామయ్యకి చూపించాలని వెళ్లాను. చూపించాలని ఎందుకనిపించిందో తెలియదు. ఏం చేసినా ఆయనకి చూపించడం చిన్నప్పటి అలవాటు.

అంతా విన్నాడు. కోడ్ తియ్యమన్నాడు. కళ్లజోడు తుడుచుకుని చదివాడు. కిందికి పొమ్మన్నాడు, ఇంకా కిందికి. ఒక చోట ఆపమని, పెద్దగా నవ్వాడు. ఒసేయ్, ఇది కుదరదే అన్నాడు. ఆలస్యంగా వచ్చిన ముక్కల్ని కింద పారేస్తున్నాను కదే, రెండోసారి లెక్కకి వచ్చే దారే లేదు, నువ్వు పై సగం చదివి సంబరపడ్డావు అన్నాడు. ముఖం వెలిగిపోతోంది. ఆ ముక్కల గొడవ మీద అప్పట్లో ఎన్ని రోజులు తల బద్దలు కొట్టుకున్నాడో, చివరికి ఎలా చిక్కు విడిందో చెప్పుకొచ్చాడు. తన ఉద్యోగాన్ని కాపాడే ఒకే ఒక్క దారిని తన చేతులతోనే మూసేస్తున్నానని ఆయనకి తెలుసు. తెలిసీ సంతోషంగా ఉన్నాడు.

నమ్మలేదా, టెస్ట్ చేద్దాం అన్నాడు. లింకు నెమ్మదిగా ఉన్నట్టు నటించే ప్రోగ్రామ్ ఒకటి ఆయన దగ్గరుంది. కొట్టవే అన్నాడు అత్తయ్యని. నేను కొడతానన్నాను. నీ చెయ్యి వద్దు, నీకు ఒక ఫలితం కావాలి అన్నాడు. నాకు సిగ్గేసింది.

అత్తయ్య కూర్చుంది. ఆయన చెప్తుంటే అక్షరం అక్షరం కొట్టింది. అలవాటు ప్రకారం బయటికి చదివింది. చదువుతున్నంతసేపూ గొంతు బాగానే ఉంది. మామయ్య ఊఁ అన్నాడు. ఆవిడ నొక్కలేదు. వెనక్కి తిరిగి ఆయన్ని చూసింది. నొక్కమంటారా అంది. నిజంగా నొక్కమంటారా అని ఇంకోసారి అడిగింది. నొక్కు అన్నాడు.

నొక్కింది. తర్వాత అప్ యారో ఒకసారి. స్క్రీన్ మీద ఒక్క లైను. ఇంకోసారి, ఇంకొక్క లైను. ఎన్నిసార్లు చేసినా అంతే.

చూశావా అన్నాడు మామయ్య నాతో. అత్తయ్య కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. నాకు ఆయన మీద పట్టలేనంత కోపం వచ్చింది. అంత గొప్పగానూ అనిపించింది. రెండూ ఒకేసారి రావడం బాగోలేదు.

ఇంటికొచ్చి ఉత్తరం చెరిపేశాను.

ఏప్రిల్ 1, మంగళవారం

ఎంక్వైరీ గది చిన్నది. పొడుగు బల్ల, గాజు గ్లాసుల్లో నీళ్లు, గోడ మీద ఊరి పైపుల మ్యాప్. ఇంజనీరు, ఆయన పక్కన రాసుకునే ఆవిడ, ఇటు మామయ్య, నేను. మామయ్య ఇస్త్రీ చొక్కాలో వచ్చాడు. చెయ్యి బల్ల కింద.

ఇంజనీరు నన్ను అడిగాడు. అవకాశం లేదు, అన్ని దారులూ చూశాం అన్నాను. సాఫ్ట్‌వేర్ అన్నాక నూటికి నూరు శాతం చెప్పలేం కదండీ అన్నాడు, నాకు ఇంకో అవకాశం ఇస్తూ. ఈ విషయంలో చెప్పగలం అన్నాను. అయితే మరి అని ఆగి, నీళ్లు నమిలాడు. అడగాల్సిన ప్రశ్న ఆయన నోటికి రావడం లేదు.

మామయ్య కుడిచెయ్యి తీసి బల్ల మీద పెట్టాడు.

ఆపడానికి ప్రయత్నించలేదు. రెండో చేత్తో పట్టుకోలేదు. అలా పెట్టి వదిలేశాడు. పక్కనున్న గ్లాసులో నీళ్లు కదిలాయి. రాసుకునే ఆవిడ రాయడం ఆపేసింది.

కొంతకాలంగా ఇలా ఉంది బాబూ, చెప్పి ఉండాల్సింది, చెప్పలేదు అన్నాడు మామయ్య. ఆ రోజు రెండుసార్లు పడింది నా వేలే, చూడకుండా ఎంటర్ కొట్టిందీ నా వేలే. ఆ మర్నాటి నుంచీ నేను తాకడం లేదు, మా ఆవిడ నొక్కుతోంది, అదీ రూలు కాదు, అదీ రాసుకోండి అన్నాడు. మరి ఆ తర్వాత ఒక్క తప్పు కూడా జరగలేదే అన్నాడు ఇంజనీరు, ఆశ్చర్యంగా. ఆవిడ చదివాకే నొక్కుతుంది, మనం చదవం అన్నాడు మామయ్య.

పాస్‌వర్డ్ సాయంత్రానికి తీసేశారు. రిటైర్మెంట్ దాకా ఫైళ్ల సెక్షన్‌లో కూర్చోమన్నారు. మెట్లు దిగేటప్పుడు ఇంజనీరు కింది దాకా వచ్చి, ఆటో పిలిచి వెనక్కి వెళ్లిపోయాడు.

ఆటోలో మామయ్య బయటికి చూస్తూ కూర్చున్నాడు. సరిగ్గా చెప్పావు అన్నాడు ఒకసారి. నాకు చాలా బాధగా ఉంది. సరైన పని చేస్తే హాయిగా ఉంటుందని ఎవరు పుట్టించారో.

ఏప్రిల్ 2, బుధవారం

అత్తయ్య ఫోన్ ఎత్తడం లేదు.

ఏప్రిల్ 9, బుధవారం

ఈ రోజు తనే చేసింది, దులిపేయడానికి. మీ ఇద్దరికీ ఆ లైబ్రరీయే కన్నబిడ్డ, దాని మీద ఈగ వాలకూడదు, ఇక్కడ మనిషి ఏమైనా ఫరవాలేదు అంది.

కోపం తగ్గాక అసలు సంగతి చెప్పింది. ఫైళ్ల సెక్షన్‌కి వెళ్తున్నాడు, వస్తున్నాడు. డ్యూటీ వేళ అయ్యేసరికి ఆ కుర్చీలోనే కూర్చుంటాడు. లాప్‌టాప్ మూసే ఉంటుంది. కుళాయి తిప్పి ధార చూసి, ప్రెషర్ తగ్గింది, ఎవడో సరిగా తెరవలేదు అంటాడు. కంట్రోల్ రూమ్‌కి ఫోన్ చేసి అడుగుతాడు. మొదట్లో మర్యాదగానే చెప్పేవాళ్లట. ఇప్పుడు ఎత్తడం లేదట. మాట్లాడు నువ్వైనా అంది అత్తయ్య. ఫోన్ ఇస్తే, ఆఁ, బాగున్నాను అన్నాడు. అంతే.

భయంగా ఉంది నాకు.

ఏప్రిల్ 11, శుక్రవారం

ఆ మనిషికి ప్యాచ్ ఎలా ఉపయోగపడుతోందని గుడ్లగూబ మళ్లీ అడిగాడు. జరిగింది జరిగినట్టు రాసేశాను, పేర్లు లేకుండా. వణుకు ఒక సగమే, చూడకుండా నొక్కడం మిగతా సగం, దానికి మన దగ్గర మందు లేదు అని కూడా రాశాను.

చాలాసేపటికి జవాబొచ్చింది. ఆ మందు లైబ్రరీలోనే పెట్టొచ్చేమో, కానీ ఎలాగో నాకు తెలియడం లేదు, మొదట ఇది రాసినాయన ఇంకా ఉన్నారా అని అడిగాడు.

ఆ జవాబుని ఉన్నదున్నట్టు మామయ్యకి పంపాను. ఒక్క ముక్క కూడా కలపలేదు.

ఏప్రిల్ 14, సోమవారం

మామయ్య నుంచి ఏమీ రాలేదు.

ఏప్రిల్ 17, గురువారం

ఏమీ లేదు. నేనే చేద్దామని ఫోన్ తీసి, పెట్టేశాను.

ఏప్రిల్ 20, ఆదివారం

ప్యాచ్ వచ్చింది. అప్ యారోతో పాత లైన్లలోంచి పైకి తెచ్చిన లైను, వచ్చీ రాగానే ఎంటర్ కొడితే కదలదు. చదివేంతసేపు ఆగుతుంది. పైన మామయ్య పేరు. టైప్ చేసిందెవరో అడగక్కర్లేదు.

ఒక చోట తప్పుంది. తిప్పి పంపాను.

వెంటనే ఫోన్ మోగింది. మామయ్య అనుకున్నాను. అత్తయ్య. ఏ లైనులో తప్పో చెప్పు, నేను చదివే కదా నొక్కింది అని గొడవ పెట్టుకుంది.